కలర్‌లో ‘యు’ ఉండాలా, వద్దా? ఇంగ్లీషు స్పెల్లింగ్ దేశానికో తీరు, మన పేర్లకు ఇంటికో తీరు

బడి నోట్‌బుక్‌లో పిల్లాడు ‘కలర్’ అన్న మాటను సి-ఓ-ఎల్-ఓ-ఆర్ అని రాస్తాడు. టీచరమ్మ ఎర్ర పెన్నుతో చివరి ఓ-ఆర్‌ల మధ్య ‘యు’ చేరుస్తుంది. సాయంత్రం అమెరికా నుంచి వీడియో కాల్‌లో మామూ చూసి, ‘వాడు రాసింది కరెక్టే కదా’ అంటాడు. అబ్బాకు ఎవరి మాట నమ్మాలో తోచదు.

ఇద్దరి మాటా నిజమే. ఇంగ్లీషుకు ఒక్క స్పెల్లింగ్ లేదు. బ్రిటన్‌ది ఒక పద్ధతి, అమెరికాది ఇంకో పద్ధతి. కెనడా, ఆస్ట్రేలియా వాళ్లు రెంటినీ తమకు కావలసినట్టు కలుపుకున్నారు. మన దేశంలో బడి పుస్తకాలు, కోర్టులు, బ్యాంకులు బ్రిటిష్ పద్ధతిలో నడుస్తాయి. ఫోన్లు, కంప్యూటర్లు మాత్రం ఎక్కువగా అమెరికా పద్ధతిని తెచ్చిపెట్టాయి. మాటల విషయంలో ఈ తేడా పెద్ద నష్టమేమీ చేయదు. పేర్ల విషయంలో మాత్రం ఒక్క అక్షరం తేడాతో వీసా ఆగిపోతుంది. ఆ సంగతి చివర్లో.

రెండు డిక్షనరీలు

ఇంగ్లండులో అచ్చుయంత్రం 1476లో వచ్చింది. ఆ తర్వాత చాలాకాలం ఎవరికి తోచినట్టు వాళ్లు రాసేవారు. ఒకే మనిషి ఒకే కాగితంలో ఒకే మాటను రెండు రకాలుగా రాసినా తప్పు పట్టేవాళ్లు లేరు. కలర్, హానర్ లాంటి మాటలు లాటిన్‌లో ‘ఓ-ఆర్’తో ఉండేవి. 1066 తర్వాత ఇంగ్లండును ఏలిన నార్మన్ల ఫ్రెంచి నుంచి ‘ఓ-యు-ఆర్’ వచ్చింది. రెండూ పక్కపక్కనే బతికాయి.

1755లో లండన్‌లో సామ్యూల్ జాన్సన్ డిక్షనరీ అచ్చయింది. ఆయన ‘ఓ-యు-ఆర్’ వైపు మొగ్గాడు. ఎంతగా మొగ్గాడంటే గవర్నర్, ఎర్రర్ మాటల్లో కూడా ‘యు’ పెట్టాడు. మ్యూజిక్ చివర ‘కె’ తగిలించాడు. వీటిని తర్వాత ఇంగ్లండే వదిలేసింది. కలర్, లేబర్, నైబర్ లాంటి వాటిలో ‘యు’ మాత్రం ఉండిపోయింది.

అమెరికా 1776లో స్వతంత్రం ప్రకటించుకుంది. కనెక్టికట్‌కు చెందిన నోవా వెబ్‌స్టర్ అనే బడిపంతులు, దేశం వేరైనప్పుడు రాత కూడా వేరుగా, తేలిగ్గా ఉండాలని పట్టుబట్టాడు. 1783లో పిల్లల స్పెల్లింగ్ పుస్తకం తెచ్చాడు. 1828లో దాదాపు 70,000 మాటలతో పెద్ద డిక్షనరీ తెచ్చాడు. కలర్‌లో ‘యు’ తీసేసి, సెంటర్ చివరి ‘ఆర్-ఇ’ని ‘ఇ-ఆర్’ చేసి, డిఫెన్స్‌లో ‘సి’ బదులు ‘ఎస్’ పెట్టి స్థిరపరిచింది ఆయనే. అయితే ఆయన చెప్పినవన్నీ జనం ఒప్పుకోలేదు. నాలుకను టి-యు-ఎన్-జి అనీ, ఆడవాళ్లను డబ్ల్యూ-ఐ-ఎం-ఎం-ఇ-ఎన్ అనీ రాయమన్నాడు. ఎవరూ వినలేదు. 1906లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు తేలిక స్పెల్లింగ్‌లు వాడమని సర్కారీ ప్రెస్‌కు హుకుం ఇస్తే అక్కడి పార్లమెంటే అడ్డుపడింది. అధ్యక్షుడి హుకుం కంటే జనం అలవాటే గెలిచింది.

మీటరు రెండు రకాలు

మన దగ్గర ఎక్కువగా తగిలే తేడాలు కొన్నే. బట్టల షాపులో కొలిచే మీటరును బ్రిటిష్ పద్ధతిలో ‘టి-ఆర్-ఇ’తో రాస్తారు. గోడకు బిగించిన కరెంటు మీటరు, ఆటోలో తిరిగే మీటరు మాత్రం ‘టి-ఇ-ఆర్’. ఎందుకంటే మొదటిది కొలత, రెండోది యంత్రం. అమెరికాలో ఈ గొడవే లేదు, రెండూ ‘టి-ఇ-ఆర్’.

లైసెన్స్ ఇంకా చిక్కు. బ్రిటిష్ పద్ధతిలో జేబులో ఉండే కార్డు అయితే చివర ‘సి-ఇ’, అనుమతి ఇవ్వడం అనే పని అయితే ‘ఎస్-ఇ’. అందుకే మన డ్రైవింగ్ లైసెన్స్ కార్డు మీద ‘సి’ కనిపిస్తుంది. ప్రాక్టీస్‌కూ ఇదే సూత్రం. డాక్టరు గారి ప్రాక్టీస్‌కు ‘సి’, పిల్లలు లెక్కలు ప్రాక్టీస్ చేయడానికి ‘ఎస్’. అమెరికావాళ్లు లైసెన్స్‌ను ఎప్పుడూ ‘ఎస్’తో, ప్రాక్టీస్‌ను ఎప్పుడూ ‘సి’తో రాస్తారు. బ్రిటిష్ పద్ధతి గుర్తుండాలంటే పిల్లలకు ఒక చిట్కా ఉంది. అడ్వైస్ (సలహా) ‘సి’తో, అడ్వైజ్ (సలహా ఇవ్వడం) ‘ఎస్’తో ఉంటాయి. అక్కడ పలకడంలోనే తేడా వినిపిస్తుంది కాబట్టి మర్చిపోరు. లైసెన్స్, ప్రాక్టీస్ కూడా దాని దారిలోనే.

‘ఎల్’ సంగతి తలకిందులుగా ఉంటుంది. ట్రావెల్డ్, జువెలరీ మాటల్లో బ్రిటన్‌కు రెండు ‘ఎల్’లు, అమెరికాకు ఒకటి. కానీ ఎన్‌రోల్‌మెంట్, ఫుల్‌ఫిల్, స్కిల్‌ఫుల్ దగ్గరికొస్తే బ్రిటన్ పొదుపు చేస్తుంది, అమెరికా రెండేసి రాస్తుంది. అమెరికా యూనివర్సిటీ ఫారాల్లో ఎన్‌రోల్‌మెంట్‌కు రెండు ‘ఎల్’లు ఉండడం అందుకే. బ్యాంకు చెక్కు మన దగ్గర సి-హెచ్-ఇ-క్యూ-యు-ఇ, అక్కడ సి-హెచ్-ఇ-సి-కె. బండి టైరు మన దగ్గర ‘టి-వై’తో, అక్కడ ‘టి-ఐ’తో మొదలవుతుంది.

ఆర్గనైజ్, రియలైజ్ లాంటివి ‘జెడ్’తో రాస్తే అమెరికా, ‘ఎస్’తో రాస్తే బ్రిటన్ అని చాలామంది నమ్మకం. అది సగమే నిజం. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ మొదటి నుంచీ ‘జెడ్’నే ఇష్టపడింది. బ్రిటిష్ పత్రికలే ‘ఎస్’కు అలవాటు పడ్డాయి. ఐక్యరాజ్యసమితి సంస్థలు ఆక్స్‌ఫర్డ్ దారిలో పోతాయి. అందుకే జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంగ్లీషు పేరులో లేబర్‌కు బ్రిటిష్ ‘యు’ ఉంటుంది, ఆర్గనైజేషన్‌కు ‘జెడ్’ ఉంటుంది. దాన్ని చూసి తప్పు అనుకోనక్కర్లేదు. అయితే అడ్వర్టైజ్, సర్‌ప్రైజ్, ఎక్సర్‌సైజ్, సూపర్‌వైజ్ మాటలకు ఏ దేశంలోనైనా ‘ఎస్’ మాత్రమే.

కెనడాలో కలర్, సెంటర్ బ్రిటన్ తీరు, టైరు అమెరికా తీరు. ఆస్ట్రేలియా అంతా లేబర్ మాటలో ‘యు’ రాస్తుంది, ఒక్క అక్కడి లేబర్ పార్టీ పేరులో తప్ప.

రెండు పద్ధతుల్లోనూ తప్పే అయినవి కొన్ని ఉన్నాయి. వీటికి మాత్రం టీచరమ్మ ఎర్ర పెన్ను న్యాయమే. ఫోర్‌లో ‘యు’ ఉంది కదా అని ఫార్టీలోనూ పెడతారు. చెక్కుల మీద ఇది తరచూ కనిపిస్తుంది. ఏ దేశంలోనూ నలభైకి ‘యు’ లేదు. హ్యూమర్‌లో బ్రిటన్‌కు ‘యు’ ఉన్నా హ్యూమరస్‌లో లేదు. హానర్‌లో ఉన్నా హానరరీలో లేదు. ఇక లక్షను ఎల్-ఎ-కె-హెచ్ అని కొందరు, ఎల్-ఎ-సి అని కొందరు రాయడం పూర్తిగా మన ఇంటి గొడవ. అందులో లండన్‌కూ వాషింగ్టన్‌కూ పాత్ర లేదు.

రిపోర్టు చూసి కంగారు పడొద్దు

ఆసుపత్రి కాగితాల దగ్గర ఈ తేడా కాస్త భయపెడుతుంది. రక్తహీనతను బ్రిటిష్ పద్ధతిలో ఎ-ఎన్-ఎ-ఇ అని మొదలుపెడతారు, అమెరికాలో ఆ ‘ఎ-ఇ’ జంటలో ‘ఎ’ ఎగిరిపోతుంది. హీమోగ్లోబిన్, పీడియాట్రిక్స్, గైనకాలజీ, లుకేమియా, అనస్థీషియా అన్నిటిలో ఇదే కథ. గ్రీకు, లాటిన్ నుంచి వచ్చిన ‘ఎ-ఇ’, ‘ఓ-ఇ’ జంటలను బ్రిటన్ దాచుకుంది, అమెరికా ఒక్క ‘ఇ’తో సరిపెట్టింది. ఒక ల్యాబు రిపోర్టులో ఒకలా, ఇంకో ల్యాబు రిపోర్టులో ఇంకోలా ఉంటే జబ్బు మారినట్టు కాదు.

నర్సింగ్, ఫార్మసీ చదివే పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. ఆహారనాళం, ఒంటివాపు ఇంగ్లీషు పేర్లు బ్రిటిష్ పుస్తకంలో ‘ఓ’ కింద ఉంటాయి, అమెరికా పుస్తకంలో ‘ఇ’ కింద ఉంటాయి. పుస్తకం చివరి పట్టికలో దొరకలేదంటే రెండో అక్షరం కింద వెతకాలి. కెమిస్ట్రీలో గంధకాన్ని మనం ‘పి-హెచ్’తో చదువుకున్నాం. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం 1990లో ‘ఎఫ్’ను ఖాయం చేసింది. అదే సంఘం అల్యూమినియం దగ్గర మాత్రం రెండో ‘ఐ’ ఉన్న రూపాన్నే నిలబెట్టింది. పంచాయితీలో తలో పక్కకు ఒకటి ఇచ్చినట్టు.

పరీక్షలు, కంప్యూటర్లు

ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో బ్రిటిష్, అమెరికా స్పెల్లింగ్‌లు రెండూ చెల్లుతాయి. కానీ అసలు తప్పు స్పెల్లింగ్ రాస్తే లిజనింగ్, రీడింగ్ జవాబులకు మార్కు పోతుంది. బడి పరీక్షల్లో పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు రాయడమే క్షేమం. పైచదువుల వ్యాసాల్లో ఏ పద్ధతి తీసుకున్నా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే ఉండాలి. ఒక పేరాలో సెంటర్ ‘ఆర్-ఇ’, ఇంకో పేరాలో ‘ఇ-ఆర్’ ఉంటే రెండు చోట్ల నుంచి ఎత్తి అతికించారేమో అన్న అనుమానం కలుగుతుంది.

కంప్యూటర్‌లో కలర్ కింద ఎర్ర గీత వస్తే అది తప్పని కాదు, యంత్రం అమెరికా ఇంగ్లీషుకు పెట్టి ఉందని. వర్డ్‌లో రివ్యూ, లాంగ్వేజ్‌లోకి వెళ్లి ఇంగ్లీష్ ఇండియా గానీ ఇంగ్లీష్ యునైటెడ్ కింగ్‌డమ్ గానీ ఎంచుకుంటే గీత పోతుంది. కోడింగ్ నేర్చుకునే పిల్లలకు మాత్రం వేరే దారి లేదు. వెబ్ పేజీకి రంగు వేయాలంటే ‘యు’ లేని కలరే రాయాలి, ‘యు’ పెడితే ఆ లైను పనిచేయదు.

ఖుర్‌ఆన్‌కు ‘కె’ నా, ‘క్యూ’ నా

మన దీనీ మాటలు ఇంగ్లీషులో ఎన్ని వేషాలు మార్చాయో చూస్తే స్పెల్లింగ్ అంటే అలవాటేనని బాగా తెలుస్తుంది. దీనికి హైదరాబాదే సాక్షి. ఇస్లాం స్వీకరించిన ఇంగ్లీషు రచయిత మర్మడ్యూక్ పిక్తాల్ 1925లో నిజాం కొలువులో చేరి, చాదర్‌ఘాట్ హైస్కూల్‌కు హెడ్‌మాస్టరయ్యారు. పవిత్ర ఖుర్‌ఆన్ అనువాదం పూర్తి చేయడానికి నిజాం ప్రభుత్వం ఆయనకు జీతంతో సెలవు ఇచ్చింది. 1930లో అచ్చయిన ఆ పుస్తకం పేరులో ఖుర్‌ఆన్ ‘కె-ఓ’తో ఉంది. అప్పటి ఇంగ్లీషు పాఠకులకు తెలిసిన రాత అదే. తర్వాత 1934 నుంచి లాహోర్‌లో వెలువడిన అబ్దుల్లా యూసుఫ్ అలీ అనువాదం ‘క్యూ-యు’తో వచ్చింది. అరబిక్ అక్షరం ‘ఖాఫ్’కు దగ్గరగా ఉన్న ‘క్యూ’యే ఇవాళ నిలబడింది.

ముస్లిం అన్న మాటను ఒకప్పుడు ఎం-ఓ-ఎస్-ఎల్-ఇ-ఎం అని రాసేవారు, ఇప్పుడది పాత పుస్తకాల్లోనే. మక్కాను ఎం-ఇ-సి-సి-ఎ అనడం నచ్చక సౌదీ ప్రభుత్వం 1980లలో రెండు ‘కె’లు, చివర ‘హెచ్’ ఉన్న రూపాన్ని అధికారికం చేసింది. రంజాన్, రమదాన్ తేడా మాత్రం స్పెల్లింగ్‌ది కాదు, పలకడంలోనిది. అరబ్బులు ‘దాద్’ అనే అక్షరాన్ని ఫార్సీ, ఉర్దూ నోళ్లు ‘జ’గా పలుకుతాయి. ఇంట్లో రంజాన్ అనే దాదీదీ తప్పు కాదు, గల్ఫ్ నుంచి రమదాన్ ముబారక్ అని మెసేజ్ పెట్టే చాచాదీ తప్పు కాదు.

పేర్ల దగ్గర అసలు చిక్కు

మాటలకు డిక్షనరీ ఉంది. పేర్లకు లేదు. ఉర్దూలో నాలుగక్షరాల ‘ముహమ్మద్’ ఇంగ్లీషులోకి వచ్చేసరికి ‘ఎం-యు’తో, ‘ఎం-ఓ’తో, చివర ‘ఎ-డి’తో, ‘ఇ-డి’తో, ఒక ‘ఎం’తో, రెండు ‘ఎం’లతో రకరకాలుగా తేలుతుంది. ఈజిప్టులో ఒక ‘ఎం’ రూపం ఎక్కువ, టర్కీలో అదే పేరు మెహ్మెత్. ఫ్రెంచి పాలన చూసిన అల్జీరియా, మొరాకోల్లో రషీద్‌ను ఆర్-ఎ-సి-హెచ్-ఐ-డి అని రాస్తారు, ఎందుకంటే ఫ్రెంచిలో ‘సి-హెచ్’ అంటే ‘ష’.

మన దేశంలోనూ ప్రాంతానికో అలవాటు ఉంది. దక్షిణాదిలో ‘త’కు ‘టి-హెచ్’ రాస్తాం, ఉత్తరాదిలో ఉత్త ‘టి’ రాస్తారు. లలితకు, సవితకు ఏమైందో ఫాతిమాకు, నుస్రత్‌కు, రహ్మతుల్లాకు అదే అయింది. కర్నూలు ఫాతిమాకు ‘హెచ్’ ఉంటుంది, లక్నో ఫాతిమాకు ఉండదు. కరీం, సలీం, అజీజ్ పేర్లలో మనవాళ్లు రెండు ‘ఇ’లు పెడతారు, మిగతా చోట్ల ఒక్క ‘ఐ’తో సరి. ఆంధ్ర, తెలంగాణల్లో షేక్ చివర ‘కె’తో ఆగుతుంది, మహారాష్ట్రలో దానికి ‘హెచ్’ తోడవుతుంది. ఖాదర్‌ను ‘కె-హెచ్’తో రాసే ఇల్లూ ఉంది, ‘క్యూ’తో రాసే ఇల్లూ ఉంది. ఏదీ తప్పని చెప్పడానికి లేదు.

తప్పల్లా ఒకే మనిషికి నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉండడం. బడిలో చేర్చిన రోజు గుమాస్తా ఒకలా రాస్తాడు, టెన్త్ మెమోలో అదే దిగుతుంది. ఆధార్ సెంటర్‌లో కుర్రాడు తనకు వచ్చినట్టు కొడతాడు. ఓటరు కార్డు ఇంకోలా వస్తుంది. పాస్‌పోర్టుకు వెళ్లిన రోజు అన్నీ బల్ల మీద పరుస్తారు, అప్పుడు బయటపడుతుంది. అబ్బా పేరు పెద్దకొడుకు సర్టిఫికెట్‌లో ఒకలా, చిన్నమ్మాయి సర్టిఫికెట్‌లో ఒకలా ఉంటే, ఇద్దరూ ఒకే తండ్రి పిల్లలని కాగితాలతో నిరూపించుకోవలసిన గతి పడుతుంది.

‘ఎం-డి’ చుక్క కూడా ఇలాంటిదే. మన ఊళ్లలో అది ముహమ్మద్ అని అందరికీ తెలుసు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసల్లో ఎ నుంచి జెడ్ దాకా అక్షరాలు, అంకెలు, ఖాళీకి ఒక గుర్తు తప్ప చుక్కలు, కామాలు ఉండవు. చుక్క పోయిన ‘ఎం-డి’ని అమెరికాలో చూసినవాళ్లు వైద్యుడి డిగ్రీ అనుకుంటారు, లేదా అదే అసలు పేరనుకుని ఆఫీసులో అందరూ అలాగే పిలుస్తారు. ఆ వరుసలో పేరు మొత్తానికి ఉన్నవి 39 గడులే. ఇంటిపేరు, తాతపేరు కలిపి పొడుగ్గా పెట్టిన పేరు అక్కడ మధ్యలో తెగిపోతుంది.

ఇప్పుడు పుడుతున్న పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ రోజు, ఆ తర్వాత పుట్టినవాళ్లకు బడిలో చేరడం నుంచి డ్రైవింగ్ లైసెన్స్, ఓటు, పెళ్లి నమోదు, పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు జనన ధ్రువపత్రమే రుజువు. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి. అఖీఖా నాటికి పేరు ఖాయమవుతుంది, కానీ ఇంగ్లీషు అక్షరాలు ఎవరూ ఖాయం చేయరు. ఆసుపత్రి కౌంటరు దగ్గర ఖాలా ఒకటి చెబుతుంది, చాచా ఇంకోటి చెబుతాడు. అందుకే ఇంట్లోనే కాగితం మీద పెద్దక్షరాల్లో రాసుకుని, అమ్మీ అబ్బాల పేర్లు వాళ్ల ఆధార్, పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే పక్కన రాసుకుని వెళ్లడం మేలు. పేరు ఇంకా అనుకోకపోతే తొందరపడనక్కర్లేదు. పేరు లేకుండానే పుట్టుకను నమోదు చేయించి, తర్వాత పేరు చేర్పించే వీలు చట్టంలో ఉంది.

ఇప్పటికే తప్పు పడినవాళ్లు ముందు ఏ కాగితాన్ని ఆధారంగా పట్టుకోవాలో తేల్చుకోవాలి. చదువుకున్నవాళ్లకు సాధారణంగా టెన్త్ మెమోయే అది, ఎందుకంటే దాన్ని మార్పించడం అన్నిటికంటే కష్టం. మిగతావి దానికి తగ్గట్టు దిద్దించుకోవాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, కాబట్టి మొదట ఆధార్ మార్చేసి తర్వాత ఆలోచించడం పొరపాటు. జనన రిజిస్టరులో తప్పులు దిద్దే అధికారం 1969 నాటి చట్టంలోని 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారుకే ఉంది. పాస్‌పోర్టు చేతికొచ్చాక విమాన టికెట్టు, వీసా, ఉమ్రా బుకింగ్ అన్నీ అందులో ఉన్న అక్షరాలతోనే చేయించాలి. అందమైన స్పెల్లింగ్ ఏదని కాదు, అందులో ఏముందో అదే.

సౌదీ ఇఖామా మీద పేరు అరబిక్‌లోనూ ఉంటుంది. ఇంగ్లీషు చూసి అరబిక్‌లోకి తిప్పేవాళ్లకు మన ‘టి-హెచ్’ అంటే ‘త’ అని తెలియాలని లేదు. ఉర్దూలో పేరు ఎలా రాస్తారో ఇంట్లో దాదీకో, మౌల్వీ సాబ్‌కో తెలిసే ఉంటుంది. ఒక చీటీ మీద రాయించుకుని పాస్‌పోర్టుతో పాటు ఉంచుకుంటే అక్కడ చూపించవచ్చు.

ఇక ఫోన్‌లో పేరు చెప్పేటప్పుడు వచ్చే చిక్కు ఒకటుంది. మనం, బ్రిటన్‌వాళ్లు చివరి అక్షరాన్ని జెడ్ అంటాం. అమెరికావాళ్లు ‘జీ’ అంటారు. రిజ్వాన్ అని టికెట్టు రాయించబోతే అటువైపు మనిషి ‘ఆర్-ఐ-జీ’ అని తిరిగి చదువుతాడు, ఇటువైపు వినేవాళ్లు దాన్ని ‘జి’ అనుకుని కాదు కాదంటారు. జీబ్రాలో మొదటి అక్షరం అంటే ఇద్దరికీ అర్థమవుతుంది.